పది రోజుల్లో పోయేది కొవ్వు కాదు.. నీళ్లు!

పరీక్ష తేదీ వచ్చేసింది. దేహదారుఢ్య పరీక్షకు ఇంకా నలభై రోజులే ఉంది. ఏడాదిగా మార్కాపురంలోనో, గిద్దలూరులోనో గదిలో కూర్చుని పుస్తకాలతో కుస్తీ పట్టారు. కరెంట్‌ అఫైర్స్‌ బుర్రకెక్కాయో లేదో కానీ, నడుము చుట్టూ ఆరేడు కిలోలు మాత్రం చేరాయి. గ్రౌండుకెళ్లి పరిగెడితే రెండో రౌండుకే ఆయాసం. సరిగ్గా అప్పుడే ఫోన్‌లో ఓ వీడియో ఎదురవుతుంది. ‘పది రోజుల డీటాక్స్‌.. ఒంట్లోని విషాలన్నీ బయటికి.. ఏడు కిలోలు మాయం!’

చేతిలో ఉన్నది నలభై రోజులు, వాళ్లు అడుగుతున్నది పదే. డబ్బు ఎలాగోలా సర్దొచ్చు అనిపిస్తుంది. ఆగండి. ఆ పెట్టె కొనేముందు, కనీసం నిమ్మరసం మీద ఉపవాసం మొదలుపెట్టేముందు, ఒంట్లో అసలేం జరుగుతుందో తెలుసుకోండి. ఇది అందం సంగతి మాత్రమే కాదు, మీ ఉద్యోగం సంగతి.

త్రాసు చెప్పే అబద్ధం

ముందు నిజం ఒప్పుకోవాలి. డీటాక్స్‌ చేస్తే బరువు తగ్గుతుంది. మూడో రోజుకే త్రాసు మీద రెండు కిలోలు తక్కువ కనిపిస్తుంది. అందుకే చేసినవాళ్లంతా ‘పని చేసింది’ అంటారు. వాళ్లు అబద్ధమాడటం లేదు. తగ్గిందేమిటో వాళ్లకు తెలియదు, అంతే.

మనం తిన్న అన్నం, రొట్టెల్లోని పిండిపదార్థంలో కొంత భాగాన్ని కాలేయం, కండరాలు గ్లైకోజెన్‌గా దాచుకుంటాయి. మామూలు మనిషిలో ఈ నిల్వ 400 నుంచి 500 గ్రాముల వరకు ఉంటుంది. ప్రతి గ్రాముతో పాటు సుమారు 3 గ్రాముల నీరూ అక్కడ చేరుతుంది. తిండి మానేస్తే ఒంటికి ముందు గుర్తొచ్చేది ఈ నిల్వే. ఒకటి రెండు రోజుల్లో అది ఖర్చయిపోతుంది, దాన్ని అంటిపెట్టుకున్న నీరూ మూత్రంలో పోతుంది. లెక్కేయండి, సుమారు రెండు కిలోలు. పేగులు ఖాళీ కావడం వల్ల ఇంకొంత. ఇందులో కొవ్వు ఎంత? చాలా కొద్ది.

ఒక కిలో కొవ్వు కరగాలంటే దాదాపు 7,700 కేలరీలు ఖర్చు కావాలి. రోజుకు 2,200 కేలరీలు అవసరమైన కుర్రాడు జ్యూసులతో 500 కేలరీలే తీసుకున్నాడనుకోండి. రోజుకు 1,700 చొప్పున ఏడు రోజులకు 11,900 కేలరీల లోటు. అదంతా కొవ్వు నుంచే వచ్చిందనుకున్నా కిలోన్నర. నిజానికి అంతా కొవ్వు నుంచి రాదు, కండ కూడా కరుగుతుంది. ప్రొటీన్‌ లేని జ్యూసుల మీద ఉంటే ఇంకాస్త ఎక్కువ కరుగుతుంది. ఎనిమిదో రోజు నుంచి మళ్లీ అన్నం, పప్పు మొదలుపెట్టగానే గ్లైకోజెన్‌ వస్తుంది, నీరు వస్తుంది, త్రాసు మళ్లీ పైకి లేస్తుంది. తిరిగి రానిది ఆ కండే!

ఏ విషం? ఎంత పోయింది?

‘బరువు సరే, విషాలు పోతాయి కదా’ అంటారా? అయితే అమ్మేవాళ్లను ఒక్క ప్రశ్న అడగండి. ఏ విషం? దాని పేరేమిటి? కోర్సుకు ముందు రక్తంలో ఎంత ఉంది, తర్వాత ఎంత ఉంది?

బ్రిటన్‌లో ‘సెన్స్‌ ఎబౌట్‌ సైన్స్‌’ అనే సంస్థ 2009లో ఇదే పని చేసింది. డీటాక్స్‌ పేరుతో అమ్ముతున్న 15 ఉత్పత్తుల తయారీదారులను ఆధారాలు అడిగింది. నమ్మదగిన ఆధారం ఒక్కరూ చూపలేకపోయారు. అసలు డీటాక్స్‌ అంటే ఏమిటో కూడా ఒక్కొక్కరు ఒక్కోలా చెప్పారు. ఈ డైట్‌లపై వచ్చిన పరిశోధనలన్నింటినీ 2015లో ఆస్ట్రేలియా పరిశోధకులు ఇద్దరు సమీక్షించారు. బజారులో అమ్మే డీటాక్స్‌ డైట్‌లు పని చేస్తాయని రుజువు చేసే పకడ్బందీ ప్రయోగం ఒక్కటీ వాళ్లకు దొరకలేదు.

విషాలను వదిలించే యంత్రం ఎక్కడుందో తెలుసా? మీ పక్కటెముకల కింద కాలేయం, నడుముకు రెండువైపులా కిడ్నీలు. కిడ్నీలు రోజుకు సుమారు 180 లీటర్ల ద్రవాన్ని వడపోస్తాయి. అందులో దాదాపు అంతా తిరిగి ఒంట్లోకి పంపించి, లీటరున్నర, రెండు లీటర్లు మాత్రమే బయటికి వదులుతాయి. మీరు నిద్రపోతున్నా ఈ పని ఆగదు. దీనికి పది రోజుల ప్యాకేజీ అక్కర్లేదు.

డీటాక్స్‌ మొదలుపెట్టిన రెండో రోజు తలనొప్పి, చిరాకు, నీరసం వస్తే ‘విషాలు బయటికి పోతున్నాయి, కంగారు పడొద్దు’ అని చెబుతారు. రోజుకు నాలుగు టీలు తాగే మనిషి ఒక్కసారిగా మానేస్తే తలనొప్పి రాదూ? కడుపు మాడితే చిరాకు రాదూ? దానికి విషమని పేరెందుకు?

ఇది మనకు కొత్త కాదు

నిమ్మరసం, మేపుల్‌ చెట్టు పాకం, మిరపపొడి కలిపిన ‘మాస్టర్‌ క్లెన్స్‌’ను స్టాన్లీ బరోస్‌ అనే అమెరికన్‌ 1940ల్లోనే ప్రచారం చేశాడు. పేర్లు మారుతూ అదే ఇప్పటికీ తిరుగుతోంది. మన రాష్ట్రాల్లోనూ ఇలాంటి ఊపు చూశాం. 2017, 2018 ప్రాంతాల్లో వీరమాచనేని రామకృష్ణ ద్రవాహార పద్ధతి ఊరూరా మారుమోగింది. అన్నం, పప్పు మానేసి రోజుకు ఇంత కొవ్వు, నిమ్మకాయలు, మల్టీవిటమిన్‌ మాత్ర, నాలుగు లీటర్ల నీళ్లు అన్నది దాని సారాంశం. సభలకు జనం పోటెత్తారు. బరువు తగ్గామన్నవాళ్లూ ఉన్నారు, పర్యవేక్షణ లేకుండా ఇలా చేయడం ప్రమాదమని గట్టిగా అభ్యంతరం చెప్పిన వైద్యులూ ఉన్నారు. అది డీటాక్స్‌ పేరుతో వచ్చింది కాదు. కానీ ఒక పాఠం మాత్రం రెండింటికీ వర్తిస్తుంది. పక్కింటాయనకు పని చేసిందని మనమూ మొదలుపెట్టడం వైద్యం కాదు.

అలాగని ఉపవాసాన్ని తిట్టడం లేదు. ఏకాదశికి ఒక్కపొద్దు ఉంటాం, రంజాన్‌లో రోజా ఉంటారు. ఆరోగ్యవంతులకు అందులో ముప్పేమీ లేదు. దాన్ని బరువు తగ్గించే వైద్యంగా మార్చి పది రోజులు సాగదీయడంతోనే చిక్కు.

నాలుగు లీటర్లు సరే.. ఏ నీళ్లు?

మన పశ్చిమ ప్రకాశంలో డీటాక్స్‌కు ఇంకో కోణం ఉంది. ఏ డీటాక్స్‌ వీడియో చూసినా ‘రోజుకు నాలుగైదు లీటర్ల నీళ్లు తాగండి’ అంటారు. చెప్పేవాళ్లకు మన బోరు నీళ్ల సంగతేం తెలుసు?

దేశంలో ఫ్లోరోసిస్‌ను వైద్యులు మొదట గుర్తించి రాసింది 1937లో, అప్పటి మద్రాసు రాష్ట్రంలోని నెల్లూరు జిల్లాలో. నేటి కనిగిరి, పొదిలి, దర్శి ప్రాంతాలు అప్పుడు ఆ జిల్లాలోవే. 1970లో ప్రకాశం జిల్లా ఏర్పడినప్పుడు ఇటు వచ్చాయి. గార పట్టిన పళ్లు, వంగిపోయిన కాళ్లు, నలభై ఏళ్లకే పట్టేసే నడుములు.. ఇవేవీ మనకు పుస్తకంలో చదివిన సంగతులు కావు. మన అవ్వాతాతల ఒళ్లలో చూసినవే.

తాగునీటిలో లీటరుకు 1 మిల్లీగ్రాము ఫ్లోరైడ్‌ దాటకుండా ఉంటే మంచిదని, వేరే నీళ్లు దొరకనప్పుడు 1.5 వరకు సరేనని భారత ప్రమాణాలు చెబుతున్నాయి. మీ బోరులో 3 మిల్లీగ్రాములు ఉందనుకుందాం. రెండు లీటర్లు తాగితే 6 మిల్లీగ్రాములు, నాలుగు లీటర్లు తాగితే 12. విషాన్ని వదిలించుకుంటున్నామనుకుంటూ రెట్టింపు తాగుతున్నారన్నమాట! కాచి చల్లార్చితే పోతుందనుకోకండి. కాస్తే నీరు ఆవిరై ఫ్లోరైడ్‌ ఇంకా చిక్కబడుతుంది. దాన్ని బయటికి పంపాల్సింది మళ్లీ ఆ కిడ్నీలే. కాబట్టి తాగేది శుద్ధి చేసిన నీరో, పరీక్ష చేయించిన నీరో కావాలి. మామూలు రోజుల్లో రెండు, రెండున్నర లీటర్లు, ఎండల్లో దాహాన్ని బట్టి ఇంకొంత. లెక్క కోసం బలవంతంగా తాగొద్దు. తిండి, ఉప్పు లేకుండా అతిగా నీళ్లు తాగితే రక్తంలో సోడియం పడిపోయి కళ్లు తిరుగుతాయి, ముదిరితే ప్రాణం మీదికి వస్తుంది.

పచ్చి పాలకూర జ్యూసు సంగతీ ఇంతే. పాలకూరలో ఆక్సలేట్లు ఎక్కువ. పప్పులోనో, కూరలోనో తింటే ఆరోగ్యవంతులకు ఇబ్బంది లేదు. రోజూ గ్లాసులకు గ్లాసులు పచ్చి రసం తాగి కిడ్నీలు దెబ్బతిన్న కేసులు వైద్య పత్రికల్లో నమోదయ్యాయి. ఇంట్లో ఎవరికైనా కిడ్నీ జబ్బు, రాళ్ల సమస్య ఉంటే మీరు మరింత జాగ్రత్తగా ఉండాలి.

గ్రౌండులో మిమ్మల్ని అడిగేది ఏమిటి?

ఇప్పుడు అసలు విషయం. మన రాష్ట్ర కానిస్టేబుల్‌ 2022 నోటిఫికేషన్‌నే చూడండి. పురుషులకు 1,600 మీటర్ల పరుగు 8 నిమిషాల్లో, మహిళలకు 10 నిమిషాల 30 సెకన్లలో. దాంతో పాటు 100 మీటర్ల పరుగు, లాంగ్‌జంప్‌. రైల్వే రక్షణ దళంలో అయితే పురుషులు అదే 1,600 మీటర్లను 5 నిమిషాల 45 సెకన్లలో పూర్తి చేయాలి. ఎస్‌ఎస్‌సీ జీడీలో పురుషులకు 5 కిలోమీటర్లు 24 నిమిషాల్లో. వీటన్నింటికీ కావాల్సిన ఇంధనం ఏది? పైన చెప్పుకున్న గ్లైకోజెనే. కావాల్సిన యంత్రం ఏది? కండరమే. డీటాక్స్‌ మొదట ఖాళీ చేసేదీ, తర్వాత కరిగించేదీ ఈ రెండింటినే!

అమ్మాయిలు ఇంకో మాట గమనించాలి. ఆ నోటిఫికేషన్‌లో మహిళలకు కనీస బరువు 40 కిలోలు ఉండాలన్నారు. 42, 43 కిలోలుండి కూడా ‘లావయ్యాను’ అనుకుంటూ జ్యూసుల మీద ఉంటే పరుగు దాకా వెళ్లకుండానే వెనక్కి రావాల్సి వస్తుంది. జాతీయ కుటుంబ ఆరోగ్య సర్వే-5 ప్రకారం మన రాష్ట్రంలో 15 నుంచి 49 ఏళ్ల మహిళల్లో 58.8 శాతం మందికి రక్తహీనత ఉంది. రక్తం తక్కువైతే కండరాలకు ప్రాణవాయువు చాలదు. రెండో రౌండుకే వచ్చే ఆయాసం బరువు వల్ల కాకపోవచ్చు, హిమోగ్లోబిన్‌ వల్ల కావచ్చు. డీటాక్స్‌ పెట్టెకు పెట్టే డబ్బులో చిన్న భాగంతో ఆ రక్త పరీక్ష చేయించుకోవచ్చు. ప్రభుత్వ ఆసుపత్రిలో అయితే ఆ ఖర్చూ ఉండదు.

ఖాళీ కడుపుతో పరిగెత్తడం ఎంత ప్రమాదమో చెప్పడానికి ఒక విషాదం ఉంది. 2024 ఆగస్టు, సెప్టెంబరుల్లో ఝార్ఖండ్‌లో ఎక్సైజ్‌ కానిస్టేబుల్‌ ఉద్యోగాలకు 10 కిలోమీటర్ల పరుగు పెట్టారు. ఆ పరీక్షల్లో డజను మంది వరకు అభ్యర్థులు ప్రాణాలు కోల్పోయారు. వాళ్లు డైట్‌లు చేశారని ఎవరూ అనలేదు. ఉక్కపోత, దూరం, ఇంకా ఎన్నో కారణాలపై చర్చ జరిగింది. ఆ తర్వాత అక్కడి ప్రభుత్వం ఉదయం 9 దాటాక పరుగు పెట్టవద్దని, అభ్యర్థులు ఖాళీ కడుపుతో పరిగెత్తకుండా అల్పాహారం ఏర్పాటు చేయాలని చెప్పాల్సి వచ్చింది. మన ఎండలు మనకు తెలియనివి కావు. పది రోజులు ఒంట్లో నీరు, ఉప్పు తీసేసి ఆ గ్రౌండులో దిగడం మనకు మనం పెట్టుకునే గండం.

సునాముఖి టీ మాయ

‘స్లిమ్‌ టీ’, ‘కోలన్‌ క్లెన్స్‌’ పేర్లతో వచ్చే చాలా పొడుల్లో ఉండేది సునాముఖి ఆకు. మలబద్ధకానికి పాత మందే. అది పని చేసేది పెద్దపేగులో. తిన్నదానిలోని శక్తి అంతకు ముందే చిన్నపేగులో ఒంటికి పట్టేసి ఉంటుంది. అంటే విరేచనాలైనా కేలరీలు పోవు. పోయేది నీరు, పొటాషియం. పొటాషియం తగ్గితే కండరాలు పట్టేస్తాయి, గుండె లయ తప్పుతుంది. పరుగుకు ముందు రోజు ఇది తాగడం కన్నా పిచ్చిపని ఉండదు.

‘మీరూ కోచ్‌ కావచ్చు’ అంటే..

ఉద్యోగం వెతుక్కుంటున్న మీకు ఈ పెట్టెలతో ఇంకో వల కూడా ఉంది. ‘మీరు తగ్గారు కదా, ఇప్పుడు పది మందిని చేర్పించండి. వెల్‌నెస్‌ కోచ్‌గా నెలకు వేలల్లో సంపాదించండి’ అంటారు. ముందు సరుకు మీరే కొనాలి. తర్వాత మీ స్నేహితులకు, బాబాయిలకు, అక్కలకు అంటగట్టాలి. సరుకు అమ్మితే కాకుండా మనుషులను చేర్పిస్తేనే డబ్బు వస్తుందంటే అది ఉద్యోగం కాదు, గొలుసు. 2021 నాటి ప్రత్యక్ష అమ్మకాల నిబంధనలు ఇలాంటి పిరమిడ్‌ పథకాలను నిషేధించాయి. స్థూలకాయం తగ్గిస్తుందంటూ ఔషధాలకు ప్రకటనలు ఇవ్వడాన్ని 1954 నాటి డ్రగ్స్‌ అండ్‌ మ్యాజిక్‌ రెమెడీస్‌ చట్టమూ ఒప్పుకోదు. ఉద్యోగం ఇస్తామన్నవాళ్లు మీ దగ్గరే డబ్బు అడిగితే అక్కడే లేచి వచ్చేయండి.

పోషకాహారం మీద నిజంగా ఆసక్తి ఉంటే దానికి రాజమార్గం ఉంది. హైదరాబాద్‌ తార్నాకలోని జాతీయ పోషకాహార సంస్థ అప్లైడ్‌ న్యూట్రిషన్‌లో ఎమ్మెస్సీ చదివిస్తోంది. పది రోజుల వాట్సాప్‌ శిక్షణకూ, రెండేళ్ల చదువుకూ తేడా ఉంటుంది కదా!

మరి ఏం చేయాలి?

ముందు మీకు బరువు తగ్గే అవసరం ఉందో లేదో చూసుకోండి. బరువును కిలోల్లో రాసి, మీటర్లలో ఉన్న ఎత్తుతో రెండుసార్లు భాగించండి. వచ్చినది 18.5కూ 23కూ మధ్య ఉంటే మన దేశీయుల లెక్కలో మీ బరువు సరిపోయింది. మీకు కావాల్సింది తగ్గడం కాదు, పరుగు సాధన. 23 దాటితే నెమ్మదిగా తగ్గాలి.

నెమ్మదిగా అంటే? వారానికి అరకిలో సురక్షితమని జాతీయ పోషకాహార సంస్థ చెబుతోంది. వారానికి అరకిలో అంటే చిన్నచూపు చూడకండి. మూడు నెలల్లో ఆరు కిలోలు, అదీ చాలావరకు కొవ్వే. అందుకు రోజుకు తగ్గాల్సింది 550 కేలరీలు. నాలుగు టీలలోని ఎనిమిది చెంచాల పంచదార 160, చిన్న కూల్‌డ్రింక్‌ సీసా సుమారు 130, పెద్ద సమోసా సుమారు 250. లెక్క దాదాపు అయిపోయింది! డీటాక్స్‌ చేసినవాళ్లకు ఆ పది రోజులూ ఒళ్లు తేలిగ్గా అనిపించేది కూడా చాలావరకు ఇవి మానడం వల్లే. ఆ మంచిని ఉంచుకుని పెట్టెను వదిలేయండి.

* పళ్లెం: సగం కూరగాయలు, ఆకుకూరలు, పండ్లు. మిగతా సగంలో జొన్నరొట్టె, సజ్జరొట్టె, సంగటి, అన్నం.. ఏదైనా కొలతగా. పక్కన కంది పప్పు, ఉలవచారు, అలసంద గుగ్గిళ్లు, గుడ్డు, పెరుగుల్లో ఏదో ఒకటి ప్రతి పూటా ఉండాలి. కంది, ఉలవ మన చేలల్లో పండేవే. వాటిలో ప్రొటీన్‌ వందకు 20 గ్రాములకు పైనే.

* నిమ్మకాయ: పరగడుపున కాదు, పప్పులో, ఆకుకూరలో పిండుకోండి. సజ్జల్లో, ఆకుకూరల్లో ఉన్న ఇనుము ఒంటికి పట్టడానికి అందులోని సి విటమిన్‌ సాయపడుతుంది. తిన్న వెంటనే టీ తాగితే ఆ ఇనుము సరిగా పట్టదు. గంట ఆగండి.

* పరుగు: మొదటి వారం నడక, మధ్యలో కొద్దిగా పరుగు. వారం వారం పరుగు పెంచుకుంటూ పోండి. రోజూ 1,600 మీటర్లు టైమ్‌ పెట్టి పరిగెత్తక్కర్లేదు, వారానికోసారి చాలు. వారంలో రెండు రోజులు దండీలు, బస్కీలు. కండ నిలబడాలంటే ఇవి తప్పవు.

* నిద్ర: ఏడు గంటలు. నిద్ర చాలకపోతే ఆకలి పెరుగుతుంది.

* చివరి వారం: ఏ కొత్త ప్రయోగమూ వద్దు. బరువు తగ్గే ప్రయత్నమూ ఆపేయండి. పరుగు రోజు రెండు గంటల ముందు రెండు మూడు ఇడ్లీలో, అరటిపండ్లో తినండి. కొద్దికొద్దిగా నీళ్లు తాగుతూ ఉండండి.

షుగర్‌, బీపీ మందులు వాడేవాళ్లు, కిడ్నీ సమస్య ఉన్నవాళ్లు ఏ డైట్‌ అయినా డాక్టర్‌ను అడక్కుండా మొదలుపెట్టొద్దు. ఇప్పటికే డీటాక్స్‌లో ఉండి కళ్లు తిరగడం, గుండె దడ, కండరాలు పట్టేయడం కనిపిస్తే ‘ఇంకా మూడు రోజులే’ అనుకోకుండా అక్కడే ఆపి ఆసుపత్రికి వెళ్లండి.

తేదీ కోసం ఎదురుచూడొద్దు

చివరిగా ఒక లెక్క. కానిస్టేబుల్‌ ప్రిలిమ్స్‌ 2023 జనవరిలో జరిగింది. దేహదారుఢ్య పరీక్షలు 2024 డిసెంబరు చివర్లో మొదలయ్యాయి. మధ్యలో దాదాపు రెండేళ్లు. తేదీ వచ్చాక చూద్దామని కూర్చున్నవాళ్లు పది రోజుల మాయ కోసం వెతుక్కున్నారు. రోజూ తెల్లవారుజామున లేచి కాలేజీ గ్రౌండులో నాలుగు రౌండ్లు వేసినవాళ్లకు ఆ అవసరం రాలేదు.

మీ తేదీ ఎప్పుడొస్తుందో మీ చేతుల్లో లేదు. రేపు పొద్దున ఐదింటికి లేవడం, టీలో పంచదార తగ్గించడం, అమ్మ చేసిన జొన్నరొట్టె, పప్పు కడుపునిండా కాకుండా కొలతగా తినడం మాత్రం మీ చేతుల్లోనివే. నలభై రోజులే మిగిలినా సరే, రెండు కిలోలకు పైగా తగ్గి, కండ నిలబెట్టుకుని, ఒంట్లో సత్తువతో గ్రౌండులో దిగొచ్చు. ఏడు కిలోలు మాయమైన కాళ్లతో మొదటి రౌండులోనే కూలబడటం కన్నా అది ఎంతో మేలు కదూ!